చదవనివాళ్ళ సంతకాలు

పోయిన వారం లైబ్రరీ మిస్‌ని మనం బడి మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. ఆమె చేతిలోంచి బీరువాల తాళాలు ప్యూను తీసేసుకున్నాడు. "మీటింగ్ అయ్యాక మీకిస్తారో, ఇంకెవరికైనా ఇస్తారో నాకు తెలీదు మేడమ్" అని నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు.

ఆ బడి యజమానిని అందరూ కరస్పాండెంట్ గారంటారు. ఆమెకు మాత్రం ఆయన స్వయానా బావగారు. ఆ ఇంటికి ఆమె చిన్నకోడలు. గొడవ మొదలైన దగ్గర్నుంచీ ఆమె భర్త, అన్న వైపు మాట్లాడితే భార్యతో, భార్య వైపు మాట్లాడితే అన్నతో చెడుతుందని, పెందరాళే అన్నం తిని ముసుగు తన్నేస్తున్నాడు.

గొడవంతా ఒక పుస్తకం గురించి. దాని పేరు 'కిటికీ పక్క మంచం'. హైస్కూలు పిల్లల కోసం రాసిన నవల. హాస్టల్లో ఒక కుర్రాడి మంచం ఉన్నట్టుండి ఖాళీ అవుతుంది. పక్క మంచం వాడు "వాడేడీ?" అని కనబడ్డ ప్రతివాళ్ళనూ అడుగుతాడు. ఎవరూ చెప్పరు. చదువు ఒత్తిడి తట్టుకోలేక తన స్నేహితుడు ప్రాణం తీసుకున్నాడని వాడికి తెలిసేసరికి సగం పుస్తకం అయిపోతుంది. తనకూ అలాంటి ఆలోచనలే వస్తున్నాయని పెద్దవాళ్ళలో ఎవరో ఒకరికి చెప్పుకోవడానికి వాడు పడే అవస్థే మిగతా సగం. చివరికి చెప్పుకుంటాడు. బతుకుతాడు. కథ అంతే.

ఆ పుస్తకం లైబ్రరీలో అడుగుపెట్టాక బీరువాలో కుదురుగా ఒక్క రోజు లేదు. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ సంచిలోంచి ఈ సంచిలోకి తిరుగుతూనే ఉంది. పిల్లలు పుస్తకాల మొహం చూడటం లేదని ప్రతి వార్షికోత్సవంలోనూ మైకు పట్టుకుని కంటతడి పెట్టుకునే పెద్దలు, పిల్లలు నిజంగానే ఒక పుస్తకం కోసం వరస కట్టేసరికి హడలిపోయారు.

హడలిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పోయిన సంవత్సరం ఈ బడి హాస్టల్లోనే తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు చనిపోయాడు. జ్వరం అన్నారు. మర్నాడు జరగాల్సిన స్లిప్ టెస్ట్ మర్నాడే జరిపించారు. వాడి పేరు క్లాసులో ఎత్తితే ఫైన్ అన్నారు. అప్పటినుంచీ వాడి పేరు ఎవరూ ఎత్తలేదు. ఈ పుస్తకం మాత్రం, ఎవరి పేరూ ఎత్తకుండానే, ఎత్తినంత పని చేసింది.

దాన్ని లైబ్రరీలోంచి తీసెయ్యాలా వద్దా అని తేల్చడానికి కమిటీ వేశారు. మెట్ల మీంచి కదిలి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, లైబ్రరీ మిస్ ఆ కమిటీ ముందుకు నడిచింది.

*

కరస్పాండెంట్ గదిలోకి ఎవరు వెళ్ళినా ముందు చలి కొడుతుంది. ఏసీ అంత చల్లగా పెట్టుకుని, ఆ చలికి తట్టుకోలేక కోటు వేసుకుని కూర్చోవడం ఆయన దర్జా. గోడ నిండా ర్యాంకులు తెచ్చిన పిల్లల ఫొటోలు. ప్రతి ఫొటోలోనూ పిల్లల పక్కన ఆయన ఉన్నాడు. ప్రతి ఫొటోలోనూ నవ్వుతున్నది ఆయనొక్కడే.

అద్దం పరిచిన పొడుగాటి బల్ల చుట్టూ మెత్తటి కుర్చీలున్నాయి. లైబ్రరీ మిస్ కోసం వరండాలోంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెప్పించి బల్లకు కాస్త ఎడంగా వేయించారు. బోను లేని లోటు ఆ కుర్చీ తీర్చింది.

కమిటీ అంటే నలుగురు. మధ్యలో కరస్పాండెంట్. కుడిపక్క లెక్కల మాస్టారు, ముందు టీ కప్పు, కప్పు పక్కనే ఆ పుస్తకం. ఎడమపక్క ఒక రిటైర్డ్ అధికారి. రోజూ ప్రార్థన వేళ పిల్లల్ని ఎండలో నిలబెట్టి, తాను నీడలో నిలబడి నీతివాక్యాలు చదువుతాడు కాబట్టి పిల్లలు ఆయనకు సూక్తుల తాత అని పేరు పెట్టుకున్నారు. ఇక తల్లిదండ్రుల తరఫున కరస్పాండెంట్ భార్య, అంటే ఆ ఇంటి పెద్దకోడలు. ఊళ్ళో అంతమంది తల్లిదండ్రులుంటే ఆయనకు నమ్మదగ్గ ప్రతినిధి వంటింట్లో దొరికింది.

పెద్దకోడలు తలెత్తలేదు. తోడికోడలు వచ్చి కూర్చున్నా పలకరించలేదు.

"రా అమ్మా, కూర్చో" అన్నాడు కరస్పాండెంట్, నోట్లో బిస్కెట్ నములుతూనే. "నువ్వేం కంగారుపడకు. మా ఇంటి కోడలివి, నీ మీద చర్యలేం తీసుకుంటాం? ఇదిగో, ఈ కాగితం మీద సంతకం పడేస్తే అందరం టీ తాగి లేచిపోవచ్చు."

కాగితం ఆమె ముందుకు జరిపాడు. నున్నటి కాగితం, బడి ముద్ర, అందంగా టైపు చేసిన అక్షరాలు. కింద అప్పటికే మూడు సంతకాలున్నాయి. కరస్పాండెంట్‌ది, మాస్టారిది, తాతది. పెద్దకోడలి పేరు ఎదుట, లైబ్రరీ మిస్ పేరు ఎదుట ఖాళీ.

ఆమె పైకే చదివింది. "'పై పుస్తకమును కమిటీ సభ్యులందరూ క్షుణ్ణంగా చదివి, సుదీర్ఘంగా చర్చించి, విద్యార్థుల మానసిక వికాసమునకు హానికరమని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.'" చదివి తలెత్తింది. "బావగారూ, నేనిప్పుడే కదా వచ్చాను? సుదీర్ఘంగా చర్చించడం ఎప్పుడైపోయింది?"

"ఫార్మాలిటీ అమ్మా అది. ప్రతిదానికీ పీకులాడకూడదు."

"సరే, పీకులాడను. 'క్షుణ్ణంగా చదివి' అని రాశారు. తాతగారూ, మీరు చదివారా?"

సూక్తుల తాత కండువా సవరించుకున్నాడు. జీవితంలో తనను ఎవరూ ప్రశ్న అడగకుండా చూసుకున్న మనిషి. ఆ ధోరణి మొహంలో ఇంకా పచ్చిగానే ఉంది.

"చదవక్కర్లేదమ్మా. నా అనుభవానికి అట్ట చూస్తే చాలు. ఏముంది ఆ అట్ట మీద? మంచం! పిల్లల పుస్తకానికి మంచం బొమ్మేమిటి? మంచం ఎందుకసలు?"

"పడుకోవడానికండీ."

"అదే! అదే నేననేది!"

"హాస్టల్లో పిల్లలు రాత్రిపూట మంచాల మీదే పడుకుంటారు తాతగారూ. మన హాస్టల్లోనూ అంతే. అదీ అశ్లీలమే అనుకుంటే మంచాలు కూడా తీయించేద్దాం, నేల మీద పడుకుంటారు."

పెద్దకోడలి పెదవి చివర ఏదో కదిలి ఆగిపోయింది. తాత మాత్రం, తన మాట ఒప్పుకున్నారో వెక్కిరించారో తేల్చుకోలేక, టీ కప్పులోకి చూసుకున్నాడు.

లైబ్రరీ మిస్‌కి భయం లేదని కాదు. ఈ ఉద్యోగం పోతే ఈ ఊళ్ళో ఇంకో బడి ఆమెను తీసుకోదు. కరస్పాండెంట్ల మధ్య ఫోన్లు నడుస్తాయి. అది కాక, సాయంత్రం మళ్ళీ ఇదే బావగారికి అదే ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు అందించాలి. అన్నీ తెలుసు. కానీ ఆ ముగ్గురి మొహాలూ చూస్తూ చూస్తూ ఉంటే భయం పక్కకు తప్పుకుని ఏవగింపు వచ్చి కూర్చుంది. వీళ్ళా, పిల్లల మనసులకు కాపలాదార్లు!

"నేను చదివాను" అన్నారు లెక్కల మాస్టారు, గొంతు సవరించుకుని. "అంటే, పూర్తిగా కాదు. మొదట్లో కొన్ని పేజీలు. తర్వాత సిలబస్ ఒత్తిడి వల్ల కుదరలేదు. కానీ చదివినంతలోనే ఎన్ని బూతులున్నాయో చూడండి మేడమ్. అన్నిటికీ ఎర్రగీత పెట్టాను."

నిజంగానే పెట్టారు. లైబ్రరీ పుస్తకం మీద గీతలు గీస్తే ఎండలో నిలబెట్టే బడి అది. పేజీ పేజీకీ ఎర్రగా గాట్లు.

"ఏం బూతులు మాస్టారూ?"

"ఆడవాళ్ళ ముందు ఎలా చదవను?"

"పిల్లలు చదవకూడదని నిషేధించబోతున్నారు. కనీసం మేం వినాలిగా. ఫరవాలేదు, చదవండి. గట్టిగా చదవండి."

మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టుకుని మొదటి ఎర్రగీత దగ్గర అందుకున్నారు. "'లేవరా దున్నపోతా! ఏం గుడ్లప్పగించి చూస్తున్నావ్? నిన్న చెప్పిన లెక్క ఇవాళ రాదా నీకు?'" మొదటి వాక్యం మొహమాటంగానే వచ్చింది. రెండో దానికి గొంతు తెరుచుకుంది. మూడో దానికి ఒరవడి అందుకుంది. "'దద్దమ్మ వెధవా! నీకు ఫీజు దండగ, అన్నం దండగ, నువ్వు కూర్చునే బెంచీ దండగ! నీలాంటి పనికిమాలినవాణ్ణి కన్నందుకు మీ అమ్మ ఏ మొహం పెట్టుకుని బతుకుతోందిరా?'"

చదువుతూ చదువుతూ ఆయన కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. చూపుడువేలు ప్లాస్టిక్ కుర్చీ వైపు తిరిగింది. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగి చూడాలో, ఎక్కడ పళ్ళు కొరకాలో అన్నీ ఆయనకు కొట్టిన పిండిలా వచ్చేశాయి. రేడియో నాటకాల వాళ్ళు కూడా అంత బాగా చదవలేరు.

తలుపు కాస్త తెరుచుకుంది. ప్యూను తల లోపలికి పెట్టి, "ఏ పిల్లాడు సార్? బయటికి తీసుకుపోనా?" అన్నాడు.

"ఎవరూ లేరు, పో!" అని కసిరాడు కరస్పాండెంట్.

తలుపు మూసుకుంది. మాస్టారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆయన దాన్ని కిందికి దించుకోవడం అందరూ చూశారు.

"ఒక్క ముక్క కూడా తడబడలేదు మాస్టారూ" అంది లైబ్రరీ మిస్. "అలవాటైన పాఠం కదా. ఆ మాటలు పుస్తకంలో ఏ పిల్లాడూ అనలేదు. పిల్లాడితో అన్నారు. అన్నది వాళ్ళ లెక్కల మాస్టారు. మీరు ఎర్రగీత పెట్టాల్సింది తిట్టినవాడికి. నన్ను ఇలా తిట్టారు అని చెప్పుకున్న పిల్లాడికి కాదు."

మాస్టారు జవాబు వెతుక్కుంటున్నట్టు పుస్తకంలోకి చూశారు. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. అక్కడ ఎర్రగీతలు లేవు, తాను ఇంతవరకూ రాని చోటు అది. ఆయన తల ఇక పైకి లేవలేదు.

*

"చూడమ్మా" అని కరస్పాండెంట్ కోటు గుండీ విప్పుకున్నాడు. ఇక నాటకం చాలనుకున్నప్పుడు ఆయన చేసే పని అది. "బూతులూ మంచాలూ పక్కన పెడదాం. నేనేమీ సాహిత్యానికి శత్రువుని కాను. మా చిన్నప్పుడు మేమూ చదివాం కథలు. నీతి ఉండేది వాటిలో. ఇదేమిటి? చావు! పిల్లలకి చావు గురించి చెప్తే ఏం నేర్చుకుంటారు? చావడం నేర్చుకుంటారు."

"లెక్కలు చెప్తేనే నేర్చుకోవడం లేదని తిడుతున్నారు కదా బావగారూ. ఒక్క పుస్తకం చదివి చావడం మాత్రం నేర్చేసుకుంటారా?"

"నోరు అదుపులో పెట్టుకో!" బల్ల మీద చెయ్యి పడింది. బిస్కెట్ల ప్లేటు ఎగిరిపడింది. "ఇది అడ్మిషన్ల సీజన్. హాస్టల్లో సగం సీట్లు ఇంకా ఖాళీ. నిన్నగాక మొన్న ఎవరో తల్లి ఫోన్ చేసింది. మా పిల్ల ఏదో పుస్తకం చదువుతోంది, మీ హాస్టల్లో కూడా ఒకబ్బాయి ఇలాగే పోయాడటగా, నిజమేనా అని అడిగింది. ఏం చెప్పమంటావ్ నన్ను?"

"నిజం చెప్పండి."

"ఏ నిజం? ఆ కుర్రాడు జ్వరంతో పోయాడు!"

జ్వరం కాదని ఆ బల్ల చుట్టూ ఉన్న ప్రతివాళ్ళకూ తెలుసు. ఒకళ్ళకు తెలుసని ఇంకొకళ్ళకూ తెలుసు. ఏడాదిగా ఆ బడి నడుస్తున్నది ఆ మర్యాద మీదే.

"నిన్నటిదాకా నాకు ఈ పుస్తకం ఎందుకు తీసేస్తున్నారో అర్థం కాలేదు" అంది ఆమె మెల్లగా. "పిల్లలు పాడైపోతారని నిజంగానే భయపడుతున్నారేమో అనుకున్నాను. అలా భయపడేవాళ్ళతో మాట్లాడొచ్చు, నచ్చజెప్పొచ్చు. మీ భయం పిల్లల గురించి కాదు. పుస్తకంలో ఆ పిల్లాడు 'వాడేడీ' అని అడుగుతాడు చూశారూ, అదీ మీ భయం. ఆ ప్రశ్న మన పిల్లలు కూడా నేర్చుకుంటారని."

"ఉపన్యాసాలు ఇంట్లో దంచుకో. నీ పుస్తకం వల్ల ఏం ఒరిగిందో చెప్పు. ఒక్క ర్యాంకు పెరిగిందా?"

"ఒక పిల్ల బతికింది."

కరస్పాండెంట్ బిస్కెట్ అందుకోబోయిన చెయ్యి ఆగింది.

"పుస్తకం తిరిగివ్వడానికి వచ్చి ఇవ్వకుండా నిలబడింది. బెల్లు కొట్టినా వెళ్ళలేదు. అందరూ వెళ్ళిపోయాక, 'మిస్, ఇందులో వాడికి వచ్చే ఆలోచనలు నాకూ వస్తున్నాయి. ఎప్పట్నుంచో వస్తున్నాయి. అలా వస్తే ఎవరికైనా చెప్పొచ్చని ఇది చదివేదాకా నాకు తెలీదు' అంది. నేను వాళ్ళమ్మకు చెప్పాను. వాళ్ళమ్మ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇప్పుడు మందులు వాడుతోంది, నిద్రపోతోంది, అన్నం తింటోంది. మళ్ళీ నవ్వుతోంది."

"ఎవరా పిల్ల?" అన్నాడు కరస్పాండెంట్.

"చెప్పను."

"ఏ క్లాసు?"

"చెప్పనన్నాను కదా."

"మతి ఉండే మాట్లాడుతున్నావా? అలాంటి పిల్ల మన బడిలో ఉంటే రేపు ఏదైనా అయితే ఎవడిది పూచీ? ఈసారి ఏం చెప్పమంటావ్, మళ్ళీ జ్వరం అనా?" అన్నాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. గబగబా దాటేశాడు. "పేరు చెప్పు. టీసీ ఇచ్చి మర్యాదగా పంపించేద్దాం. జబ్బు పిల్లల్ని పెట్టుకోవడానికి ఇదేం ఆసుపత్రి కాదు."

సూక్తుల తాత తల ఊపాడు. "బుట్టలో కుళ్ళిన పండు ఉంటే..." అని ఎత్తుకున్నాడు.

"మీరు ఆగండి తాతగారూ" అంది లైబ్రరీ మిస్. "అది పిల్ల. పండు కాదు."

ఇంతసేపూ ఆమె ఎటు చూసినా, పెద్దకోడలి వైపు మాత్రం చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. ఇప్పుడు చూడక తప్పలేదు. పెద్దకోడలు కలం మూత తీసింది. కాగితం తన వైపు లాక్కుంది. తన పేరు ఎదుటి ఖాళీ మీద వేలు పెట్టి, అదే చోటు కదా అన్నట్టు చూసుకుంటోంది.

"అక్కయ్యా" అంది లైబ్రరీ మిస్. అనకూడని మాట ఒకటి గొంతు దాకా వచ్చి ఆగింది. మీరు కూడా పెడతారా? మీరు?

"పెట్టెయ్" అన్నాడు కరస్పాండెంట్ భార్యతో. "నువ్వు పెడితే అదీ పెడుతుంది. ఆలస్యమవుతోంది."

పెద్దకోడలు కలం కాగితం మీద ఆనించి, ఒక్క క్షణం ఆగి, మూత పెట్టేసింది.

"నేను పుస్తకం చదివానండీ" అంది.

"ఏమిటీ?"

"క్షుణ్ణంగా చదివి అని ఉంది కదా ఇందులో. నేను చదివాను. మొత్తం చదివాను. ఒకసారి చదివి ఏడ్చాను, ఇంకోసారి చదివి సిగ్గుపడ్డాను. అందుకని ఈ సంతకం పెట్టలేను."

కరస్పాండెంట్ నవ్వాలని చూశాడు. "నీకెక్కడిది టైము? నువ్వు వారపత్రిక తిరగెయ్యడమే గొప్ప."

"అమ్మాయి దిండు కింద దొరికింది."

ఆయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దించుకోవడం మర్చిపోయినట్టు.

"ఆ పిల్ల ఎవరని కదా అడుగుతున్నారు" అంది పెద్దకోడలు. గొంతు పెంచలేదు. ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతే అది. "మన పిల్ల. మీ కూతురు. చెల్లాయి పరుగెత్తుకుంటూ వచ్చి నాతో చెప్తే, కళ్ళ పరీక్ష అని మీతో అబద్ధం చెప్పి దాన్ని డాక్టర్‌కి చూపించాను. ఎవరికీ చెప్పొద్దని చెల్లాయి చేత ఒట్టు వేయించుకున్నాను. ఇంతసేపు మీరు చెల్లాయిని ఇన్ని మాటలన్నా తను నోరు విప్పలేదు. ఇప్పుడు చెప్పండి. టీసీ ఎప్పుడిస్తారు?"

కరస్పాండెంట్ మొహంలో మొదటిసారిగా తండ్రి లాంటిదేదో కనబడింది. కనబడి, అంతలోనే యజమాని వచ్చి దాన్ని పక్కకు నెట్టేశాడు.

"అయితే ఇంకా మంచిది" అన్నాడు. "చూశారా, నేనన్నదే నిజం. ఈ దరిద్రపు పుస్తకం నా కూతుర్నే పాడుచేసింది!"

పెద్దకోడలు భర్తను చూసిన చూపుకి ఆ గదిలో చలి ఇంకాస్త పెరిగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆయన మీద అలిగింది, ఏడ్చింది, భయపడింది. అసహ్యించుకోవడం మాత్రం అప్పుడే మొదలైంది.

"పుస్తకం వచ్చింది మొన్న" అంది. "పిల్లకు నిద్ర పట్టనిది నిరుటి నుంచీ. ఎందుకని ఏడాది పొడుగునా మనమెవరమూ అడగలేదు. మార్కులు తగ్గుతున్నాయని ట్యూషన్ మాత్రం పెట్టించాం. ఎందుకన్నది మొన్న డాక్టర్ ముందు చెప్పింది."

లైబ్రరీ మిస్ ఉలిక్కిపడింది. ఈ సంగతి ఆమెకు కూడా తెలియదు. డాక్టర్ దగ్గర ఏం మాట్లాడారో అక్కయ్య ఆమెతో చెప్పలేదు, ఆమె అడగలేదు.

"ఆ అబ్బాయి దాని క్లాసే కదా" అంది పెద్దకోడలు. "చనిపోయిన రోజు మధ్యాహ్నం అది మీకు భోజనం క్యారియర్ ఇవ్వడానికి ఇటు వచ్చిందట. ఆ అబ్బాయి ఇదే గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడట. మీతో మాట్లాడాలని వచ్చాడట. అది చూసి నవ్వితే వాడు నవ్వలేదట. క్యారియర్ బయట బల్ల మీద పెట్టి వెళ్ళిపోయిందట. సాయంత్రానికి వాడు లేడు. అప్పట్నుంచీ దాన్ని ఒకటే మాట తినేస్తోంది. నాన్న వాడితో ఏమన్నారు? నేను అక్కడే ఆగి ఉంటే ఏమయ్యేది? అడగడానికి దానికి ధైర్యం లేదు. నేను అడుగుతున్నాను. ఆ పిల్లాడు మీ దగ్గరికి వచ్చాడా?"

"రాలేదు." కరస్పాండెంట్ జవాబు ప్రశ్న పూర్తవకముందే వచ్చేసింది. "నా దగ్గరికి ఎవడూ రాలేదు. అది చిన్నపిల్ల, ఏదో ఊహించుకుంది. ఈ చెత్తంతా చదివితే ఊహలు రాక ఏమొస్తాయి? ఏం తాతగారూ?"

సూక్తుల తాత దగ్గర ఆ సందర్భానికి సూక్తి లేదు. ఆయన లేచి, తనకు వేరే పనుందని గొణుక్కుంటూ తలుపు వైపు చూశాడు.

"మీ అందరి ముందూ చెప్తున్నాను" అన్నాడు కరస్పాండెంట్, మళ్ళీ గొంతు కూడదీసుకుని. "ఆ రోజు ఈ గదికి ఏ కుర్రాడూ రాలేదు."

"వచ్చాడు సార్."

అన్నది ఎవరో మొదట ఎవరికీ అర్థం కాలేదు. గొంతు గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. బల్లకు కుడిపక్క లెక్కల మాస్టారు పుస్తకంలోంచి తలెత్తి, లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తీసేసి ఉన్నారు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఇంతసేపూ ఆయన అక్కడున్నారన్న సంగతే అందరూ మర్చిపోయారు.

"మాస్టారూ, మీరు ఊరుకోండి" అన్నాడు కరస్పాండెంట్.

"వచ్చాడు సార్. వాడంతట వాడు రాలేదు. క్లాసులో నా ముందుకొచ్చి ఏడిస్తే, నాకేం చెయ్యాలో తోచక, నేనే చెయ్యి పట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చాను. వాణ్ణి తలుపు దగ్గర నిలబెట్టి, క్లాసు ఇంకొకరికి అప్పగించి వచ్చి తలుపు తట్టాను. మీరు తీశారు."

"కూర్చోండి మాస్టారూ! మీ ఉద్యోగం..."

మాస్టారు కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. "నేను గుమ్మంలోనే ఉన్నాను సార్. మీరు వాడితో అన్న మాట నేను విన్నాను. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది."

సూక్తుల తాత తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. పెద్దకోడలు ఆయన కంటే ముందు అక్కడికి చేరుకుంది. ఆయన చేతిని పక్కకు నెట్టి, గొళ్ళెం లోపల్నుంచి బిగించి, తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"ఇప్పుడు చెప్పండి మాస్టారూ" అంది. "ఏమన్నారు ఈయన?"